పందులకు ఫ్లూ అంటించేది ఎక్కువగా మనుషులే

సంక్రాంతికి పది రోజుల ముందు నుంచే హైదరాబాద్, చెన్నై, విజయవాడ వైపు నుంచి వచ్చే రైళ్లు విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస స్టేషన్లలో జనాన్ని దించుతూనే ఉంటాయి. పొట్ట చేత పట్టుకుని వలస వెళ్లినవాళ్లంతా ఇల్లు చేరే రోజులవి. మన దేశంలో ఇన్‌ఫ్లుయెంజా ఎక్కువగా కనిపించే కాలాలు రెండు. ఒకటి జనవరి నుంచి మార్చి దాకా, రెండోది వానాకాలంలోనూ అది వెళ్లిపోయే రోజుల్లోనూ. అంటే కిక్కిరిసిన జనరల్ బోగీలో రాత్రంతా కూర్చుని వచ్చిన మనిషి బట్టల సంచితో పాటు జలుబు, జ్వరం కూడా ఇంటికి తెచ్చే అవకాశం సరిగ్గా పండగ రోజుల్లోనే ఎక్కువ. ఆ ఇంటి పెరట్లో పందుల దొడ్డి ఉండి, మర్నాడు పొద్దున్న కుడితి పోసేది అతనే అయితే, వైరస్ మనిషి నుంచి జంతువుకు దాటడానికి ఇంకేమీ అక్కర్లేదు.

స్వైన్ ఫ్లూ అనగానే మన వేలు పంది వైపే లేస్తుంది. వైరస్‌ల జన్యువులను పక్కపక్కన పెట్టి పోల్చినవాళ్లు చెప్పేది వేరు. 2009లో ప్రపంచాన్ని చుట్టేసిన హెచ్1ఎన్1 వైరస్ అప్పటి నుంచి 2021 దాకా ఒక్క అమెరికాలోనే దాదాపు 370 సార్లు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, మనుషుల నుంచి పందుల్లోకి వెళ్లిందని అక్కడి శాస్త్రవేత్తలు 2023లో తేల్చారు. వాటిలో చాలావరకు ఎక్కువ దూరం పోకుండానే ఆగిపోయాయి. కొన్ని మాత్రం పందుల్లో పాతుకుపోయి, అక్కడే రూపం మార్చుకుని, ఆ కొత్త రూపంతో తిరిగి కొందరు మనుషులకు అంటుకున్నాయి. పంది నుంచి మనిషికి ఫ్లూ రాదని కాదు. వస్తుంది. అయితే అలా వచ్చింది సాధారణంగా ఆ ఒక్క మనిషితోనో, ఆ ఇంట్లో మరొకరితోనో ఆగిపోతుంది. మనిషి నుంచి పందికి వెళ్లేదే తరచుగా జరిగేది, దాని మీదే మన చూపు తక్కువ.

నార్వే సంగతి ఇందుకు మంచి సాక్ష్యం. ఆ దేశం తన పందులకు క్రమం తప్పకుండా పరీక్షలు చేయించేది. 2009 దాకా అక్కడి మందల్లో ఇన్‌ఫ్లుయెంజా జాడే లేదు. ఆ ఏడాది శరదృతువులో జనానికి కొత్త ఫ్లూ సోకింది. వెంటనే, అక్టోబర్‌లో, మొదటి పందుల మందలో అదే వైరస్ బయటపడింది. కొన్ని నెలల్లోనే అది దేశంలోని చాలా మందలకు పాకింది. బయటి నుంచి పందులు రాలేదు, వచ్చింది జ్వరంతో ఉన్న మనుషులే. కెనడాలోని ఆల్బర్టాలో అంతకుముందే, 2009 వసంతంలో, ఒక ఫారం పందుల్లో ఈ వైరస్ దొరికింది. మన దేశంలో బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌లో ఉన్న భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్ పందుల్లో హెచ్1ఎన్1ను గుర్తించి, అది మనుషుల్లో తిరుగుతున్న 2009 వైరస్‌కు జన్యుపరంగా చాలా దగ్గరిదని 2010లో ప్రకటించారు. కాబట్టి ఇది ఎక్కడో చలిదేశాల పెద్ద ఫారాల గొడవ అనుకోవడానికి లేదు.

పంది గొంతులో ఏం జరుగుతుంది

ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ కణంలోకి దూరాలంటే ముందు కణం పైన ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థాన్ని పట్టుకోవాలి. పట్టుకునే పని హీమాగ్లుటినిన్ అనే ప్రొటీన్‌ది. హెచ్1, హెచ్3, హెచ్5 అని మనం వినే పేర్లలోని హెచ్ అదే. లోపల పుట్టిన కొత్త వైరస్‌లను కణం నుంచి విడిపించేది న్యూరమినిడేజ్, అది ఎన్. సియాలిక్ ఆమ్లం కణానికి అతుక్కుని ఉండే తీరు రెండు రకాలు. మనుషుల ఫ్లూ ఒక రకాన్ని ఇష్టపడుతుంది, పక్షుల ఫ్లూ రెండో రకాన్ని. మన ముక్కు, గొంతులో మొదటి రకం ఎక్కువ కాబట్టి పక్షుల వైరస్ మనకు అంత తేలిగ్గా అంటదు. పంది శ్వాసనాళంలో రెండూ ఉంటాయి. అందుకే మనిషి వైరస్, పక్షి వైరస్ రెండూ ఆ గుమ్మం దాటగలవు.

ఈ వైరస్ జన్యుపదార్థం ఒకే దారంలా కాకుండా ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. రెండు వేర్వేరు వైరస్‌లు ఒకే పంది కణంలోకి ఒకేసారి చేరితే, కొత్తగా తయారయ్యే వైరస్‌లో కొన్ని ముక్కలు దీనివి, కొన్ని దానివి కలిసిపోవచ్చు. 2009 వైరస్ అలా పుట్టిందే. దాని ఎనిమిది ముక్కల్లో మూడు అమెరికా పందుల్లో ఎప్పటినుంచో ఉన్న వంశానివి, రెండు యూరప్, ఆసియా పందుల వంశానివి, రెండు మొదట్లో పక్షుల నుంచి పందుల్లోకి వచ్చినవి, ఒకటి మనుషుల హెచ్3ఎన్2 నుంచి పందుల్లోకి వెళ్లినది. ఈ ఆఖరి ముక్కను గుర్తుపెట్టుకోవాలి. పందుల నుంచి వచ్చిందని మనం అనుకునే వైరస్‌లో మనం ఇచ్చిన ముక్క కూడా ఉంది.

దీన్ని పట్టుకుని పంది ఒక్కటే అన్ని మహమ్మారులకూ పుట్టిల్లు అనడం తొందరపాటు. మన ఊపిరితిత్తుల లోతుల్లో కూడా పక్షుల వైరస్‌కు నచ్చే రకం ఉంది. 1957లో, 1968లో వచ్చిన మహమ్మారుల్లో మనిషి వైరస్, పక్షి వైరస్ కలిసిన మాట నిజమే గానీ, ఆ కలయిక పందిలోనే జరిగిందని చెప్పడానికి రుజువు లేదు. నాటుకోడి దగ్గర నుంచి కౌజు పిట్ట దాకా అనుమానించదగినవి ఇంకా ఉన్నాయి.

పందిలో దాగే మన పాత వైరస్‌లు

మాట్లాడుకోవాల్సిన అసలు విషయం వైరస్‌ల కలయిక కంటే వాటి నిల్వ. మనుషుల్లో ఫ్లూ వైరస్ నిలకడగా ఉండదు. ఒకసారి సోకినవాళ్లకు, టీకా వేయించుకున్నవాళ్లకు రక్షణ వస్తుంది కాబట్టి, దాన్ని తప్పించుకోవడానికి వైరస్ ఏటా కొద్దికొద్దిగా మారుతుంది. పదేళ్ల కిందటి రూపం ఇప్పుడు జనంలో కనిపించదు. పందుల్లో ఆ ఒత్తిడి తక్కువ. మాంసానికి పెంచే పంది ఆరేడు నెలలకు మించి బతకదు. ఒకసారి జబ్బు పడి కోలుకుని, మళ్లీ అదే వైరస్‌ను ఎదుర్కొనేంత ఆయుష్షు దానికి ఉండదు. ఎప్పటికప్పుడు కొత్త పిల్లలు పుడుతుంటాయి, వాటికి రక్షణ ఉండదు. కాబట్టి మనిషి నుంచి వచ్చిన వైరస్ అక్కడ పెద్దగా మారకుండానే ఏళ్లపాటు సాగిపోగలదు. అటక మీద పడేసి మనమే మరిచిపోయిన సామానులా, మన పాత ఫ్లూ పందుల్లో భద్రంగా ఉండిపోతుంది.

1918లో ఇదే జరిగిందని నమ్మడానికి బలమైన కారణాలున్నాయి. ఆ ఏడాది మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసిన ఇన్‌ఫ్లుయెంజా అమెరికాను కూడా ఊడ్చేసింది. ఆ శరదృతువులోనే అయోవా రాష్ట్రంలోని సీడర్ రాపిడ్స్‌లో జరిగిన పందుల ప్రదర్శన తర్వాత మందలకు మందలు దగ్గుతూ, ముక్కు కారుతూ పడిపోయాయి. జె.ఎస్. కోయెన్ అనే పశువైద్యుడు అది జనంలో ఉన్న ఫ్లూయేనని గట్టిగా చెప్పాడు. పందులకు ఫ్లూ అంటే మాంసం ఎవరు కొంటారని వ్యాపారులు ఆయన మీద కోప్పడ్డారు. మాట మాత్రం ఆయన మార్చుకోలేదు. 1930 ప్రాంతంలో రిచర్డ్ షోప్ పందుల నుంచి ఆ వైరస్‌ను వేరుచేశాడు. మనుషుల ఫ్లూ వైరస్ లండన్‌లో దొరికింది 1933లో. అంటే మన ఫ్లూ కంటే పంది ఫ్లూయే ముందు శాస్త్రం చేతికి చిక్కింది. షోప్ మనుషుల రక్తాన్ని కూడా పరీక్షించాడు. పెద్దవాళ్ల రక్తంలో పంది వైరస్‌ను అడ్డుకునే శక్తి కనిపించింది, 1918 తర్వాత పుట్టిన చిన్నపిల్లల్లో కనిపించలేదు. ఆ పెద్దవాళ్లందరూ పందులను పెంచినవాళ్లు కారు. వాళ్లు 1918 జ్వరాన్ని చూసినవాళ్లు.

ఇక 2009కి వస్తే, మామూలుగా ఫ్లూ అంటే ముసలివాళ్లకే ప్రమాదం ఎక్కువ. ఆ ఏడాది మాత్రం 60 దాటినవాళ్లకు అది సోకడం తక్కువ, యువకులు, పిల్లలు ఎక్కువగా మంచాన పడ్డారు. కారణం ఆ వైరస్ హీమాగ్లుటినిన్. అది 1918 నాటి వంశానికి చెందినది, తొంభై ఏళ్లు పందుల్లోనే ఉండి పెద్దగా మారకుండా తిరిగి వచ్చింది. చిన్నప్పుడు ఆ వంశపు వైరస్‌లు సోకిన తాతలు, అమ్మమ్మల శరీరాలు దాన్ని కొంతవరకు గుర్తుపట్టాయి. మనవలకు అది పూర్తిగా కొత్తది.

2012లో అమెరికా పశువుల ప్రదర్శనల్లో మరోసారి అదే కథ నడిచింది. తమ పందులను ప్రదర్శనకు తెచ్చిన పిల్లలు, వాటిని ముట్టుకోవడానికి వచ్చిన పిల్లలు జ్వరం బారిన పడ్డారు. ఆ వేసవిలో 300కు పైగా కేసులు తేలాయి. ఆ హెచ్3ఎన్2 రకం వైరస్ పైపొర 1990లలో మనుషుల నుంచి పందుల్లోకి వెళ్లినది, లోపలి ఒక ముక్క 2009 వైరస్ నుంచి వచ్చినది. 1990లలో ఆ ఫ్లూను చూసిన తల్లిదండ్రులకు ఎంతోకొంత రక్షణ ఉంది, పిల్లలకు లేదు. ఇవాళ మనం పందికి అంటించే జలుబు, ఇంకా పుట్టని పిల్లల దాకా పోయే అవకాశం ఉందని ఈ రెండు ఉదాహరణలూ గట్టిగా చెబుతున్నాయి. దొడ్డి గుమ్మం దగ్గర మనం జాగ్రత్త పడాల్సింది ముందుగా మన గురించే అనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మన దొడ్లు, మన సంతలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పందుల పెంపకం పెద్ద పరిశ్రమ కాదు. పట్టణాల శివార్లలో కొన్ని కుటుంబాలు తరతరాలుగా నల్ల పందులను పెంచుకుంటున్నాయి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు గూడేల్లో పండగకూ పెళ్లికీ పంది మాంసం వండుకోవడం మామూలే. ఈ మధ్య కొందరు యువకులు తెల్ల సీమ పందులతో చిన్న ఫారాలు కూడా పెడుతున్నారు. దేశం మొత్తం మీద 2019 పశుగణన ప్రకారం పందులు 90.6 లక్షలు, అంతకుముందు 2012 లెక్కతో పోలిస్తే 12 శాతం తక్కువ. వేలకొద్దీ పందులు ఒకే కప్పు కింద ఉండే అమెరికా, చైనా ఫారాలతో దీనికి పోలిక లేదు.

ఆ తేడా మనకు మేలే చేస్తుంది. పది పందులున్న దొడ్డిలోకి ఫ్లూ వస్తే వారంలో అన్నిటికీ సోకి, అన్నీ కోలుకుని, వైరస్‌కు ఇక కొత్త ఇల్లు దొరకక అక్కడే ఆగిపోతుంది. ఆగకుండా చేసేది సంత. వారపు సంతల్లో కోళ్లు, మేకలతో పాటు పంది పిల్లలూ చేతులు మారుతుంటాయి. నాలుగు ఊళ్ల పిల్లలను ఒకే ఆటోలో కాళ్లు కట్టి పడేసి తెస్తారు. ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా రెండు మూడు గంటలు ప్రయాణం. అమ్ముడుపోనివి సాయంత్రానికి మళ్లీ అదే ఆటోలో ఇంటికి చేరి పాత మందలో కలుస్తాయి. చిన్న చిన్న దొడ్లన్నిటినీ కలిపి ఒక పెద్ద ఫారంలా మార్చేది ఆ ఆటో ప్రయాణమే.

దొడ్డిలో ఫ్లూ ఎలా కనిపిస్తుందో దగ్గర నుంచి చూడాలి. రోజూ పొద్దున్న కుడితి డ్రమ్ము చప్పుడు వినగానే పందులు అరుచుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి మీద పడతాయి. ఫ్లూ వచ్చిన రోజు డ్రమ్ము మోగినా ఒక్కటీ లేవదు. మూలన ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకుని ఉంటాయి. కర్రతో అదిలించి లేపితే ఒకటి కుక్క మొరిగినట్టు పొడిగా దగ్గుతుంది, వెంటనే మిగతావీ అందుకుంటాయి. ముక్కు కారుతుంటుంది, కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు ఎగిరెగిరి పడతాయి. వైరస్ సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇదంతా మొదలవుతుంది. చూసినవాళ్లకు మంద మొత్తం చచ్చిపోతుందన్న టెన్షన్ పట్టుకుంటుంది. ఐదారు రోజులు గడిచేసరికి చాలావరకు లేచి తిండి మొదలుపెడతాయి. చావులు అరుదు, వేరే సూక్ష్మజీవులు కూడా చేరి న్యుమోనియా ముదిరితేనే. అయితే తిండి మాని బరువు తగ్గుతాయి, చూడి పందులు ఈసుకుపోవడమూ జరగొచ్చు. పెంపకందారుకు ఆ నష్టం చిన్నదేమీ కాదు.

ఆ వారం రోజుల్లో మనిషి, పంది ఎంత దగ్గరగా ఉంటారో గమనించాలి. కుడితి పోసేవాడు ముక్కు చీది, అదే చేత్తో తవుడు కలుపుతాడు. తొట్టి మీదకు వంగి దగ్గుతాడు. ఇంటావిడ నీరసంగా ఉన్న పిల్లను ఒళ్లోకి తీసుకుని పాలు పట్టడానికి చూస్తుంది, అది ఆమె మొహం మీదే తుమ్ముతుంది. వైరస్ రాకపోకలకు ఈ తుంపరలే ప్రధాన దారి. ప్లాస్టిక్ బకెట్, స్టీలు గిన్నె లాంటి నున్నటి వాటి మీద వైరస్ ఒకటి రెండు రోజులు కూడా బతికి ఉండగలదు కాబట్టి, జ్వరంతో ఉన్న మనిషి ముట్టుకున్న బకెట్ నేరుగా దొడ్డిలోకి వెళ్లడమూ మంచిది కాదు. సబ్బు చాలు దీనికి. ఈ వైరస్ చుట్టూ ఉన్న కొవ్వు పొర సబ్బు నురగకు చెదిరిపోతుంది.

పక్షుల వైపు నుంచి వచ్చే ముప్పు మన పెరళ్లలో వేరే రకంగా ఉంటుంది. కోళ్లు, బాతులు, పందులు ఒకే నీటి గుంటలో నోరు పెడతాయి. కోడి చస్తే దాన్ని దిబ్బ మీద పడేస్తారు, తిరుగుతూ వచ్చిన పంది తినేస్తుంది. 2024 అక్టోబర్‌లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక పెరటి ఫారంలో కోళ్లకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, అదే ఆవరణలో ఉన్న పందిలో కూడా ఆ వైరస్ దొరికింది. ఆ దేశంలో పందిలో హెచ్5ఎన్1 కనిపించడం అదే మొదటిసారి. అక్కడ కోళ్లూ పందులూ నీళ్ల తొట్లు, సామాన్లు పంచుకుంటున్నాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అక్కడి నుంచి కోళ్ల లారీలు ఉత్తరాంధ్రకు రావడం నిత్యం జరిగేదే. చచ్చిన కోడిని లోతుగా గొయ్యి తీసి పూడ్చిపెట్టడం ఒక్కటి మన ఊళ్లలో గట్టిగా పాటించినా పెద్ద అడ్డుకట్ట పడినట్టే.

పందికి వచ్చే ప్రతి జబ్బూ ఫ్లూ కాదు. ఈ గందరగోళం పెంపకందారుల్లోనూ ఉంది, వార్తల్లోనూ ఉంది. స్వైన్ ఫీవర్ వేరే వైరస్, అది పందులను చంపుతుంది, దానికి టీకా ఉంది, మనుషులకు రాదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇంకొకటి. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదటిసారి మన దేశంలో బయటపడింది, మందలను తుడిచిపెట్టేస్తుంది, అదీ మనుషులకు రాదు. మెదడువాపు వ్యాధికి పంది కారణమనే మాటలో కొంత నిజం ఉంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ కొంగల్లో, పందుల్లో పెరిగి దోమల ద్వారా పిల్లలకు చేరుతుంది. కానీ అది పంది దగ్గుతో వచ్చేది కాదు, వరిమళ్లలో పుట్టే దోమ కాటుతో వచ్చేది. ఇక పంది మాంసం తింటే ఫ్లూ వస్తుందన్న భయం అనవసరం. లోపలి దాకా 70 డిగ్రీలకు తగ్గకుండా ఉడికిన మాంసంలో ఈ వైరస్ మిగలదు, మన ఇళ్లలో కూర అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది.

ఇప్పుడు ఆసుపత్రిలో స్వైన్ ఫ్లూ అని తేలితే దాని అర్థం ఏమిటో కూడా తెలుసుకోవాలి. 2009 మే నెలలో హైదరాబాద్‌లో, విదేశం నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో దేశంలోనే మొదటి కేసు నమోదైంది. 2015లో దేశవ్యాప్తంగా 42,592 కేసులు, 2,990 మరణాలు నమోదయ్యాయి. ఇవన్నీ మనిషి నుంచి మనిషికి వచ్చినవి. 2009 వైరస్ ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటిగా మారిపోయింది. శ్రీకాకుళం వీధిలో ఒకరికి అది వచ్చిందని తెలిస్తే ఆ వీధి చివర పంది కోసం వెతకడం వృథా ప్రయాస, వెతకాల్సింది ఆ ఇంట్లో ఇంకెవరికి జ్వరం ఉందని.

ముఖ్యంగా ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బుతో బతుకుతున్నవాళ్లు ఇంటింటా కనిపిస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు ఫ్లూ సోకితే న్యుమోనియా దాకా పోవడం, ప్రాణం మీదకు రావడం మిగతావారికంటే చాలా ఎక్కువ. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, షుగరు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లూ అంతే. వీళ్లకు జ్వరం, గొంతు నొప్పి మొదలైతే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఒసెల్టామివిర్ మందు మొదలుపెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ సూచనలు చెబుతున్నాయి. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే దాని ఫలితం ఎక్కువ. ఏటా వేయించుకోవాల్సిన ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి వచ్చే రోగులకైనా దీన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన కోరిక కాదు, ఆలస్యం చేయదగ్గదీ కాదు.

పందులు పెంచే కుటుంబాలకు కూడా అదే టీకా ఇవ్వాలి. అది పందుల్లో పుట్టే కొత్త రకాల నుంచి వాళ్లను కాపాడదు. కానీ మనుషుల ఫ్లూ వాళ్ల ద్వారా దొడ్డిలోకి వెళ్లకుండా చూస్తుంది. ఒకే మనిషి ఒంట్లో మన వైరస్, పంది వైరస్ రెండూ ఒకేసారి చేరే ప్రమాదాన్ని కూడా తగ్గిస్తుంది. అమెరికాలో పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లు టీకా వేయించుకోవాలని ప్రజారోగ్య అధికారులు చెప్పడానికి ఇదే కారణం.

పందుల మీద కోపం ఎంత నష్టం చేస్తుందో ఈజిప్టు చూపించింది. 2009 ఏప్రిల్ చివర్లో, దేశంలో ఒక్క కేసు కూడా నమోదు కాకముందే, అక్కడి ప్రభుత్వం మొత్తం పందులను చంపాలని ఆదేశించింది. దాదాపు 3 లక్షల పందులు. కైరోలో చెత్త ఏరి, అందులోని కుళ్లిన తిండితో పందులను పెంచుకునే పేద కుటుంబాలు ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. తినే పందులు లేక నగర వీధుల్లో చెత్త పేరుకుపోయింది. ఫ్లూ మాత్రం విమానాల్లో, మనుషులతో పాటు వచ్చి తన పని తాను చేసుకుపోయింది. మన పట్టణాల్లోనూ స్వైన్ ఫ్లూ వార్త రాగానే పందులను ఊరవతలికి తరిమేయాలన్న ఒత్తిడి వస్తుంది. వీధుల్లో పందులు తిరగకూడదనడం న్యాయమే, దానికి పారిశుద్ధ్యం, రోడ్డు ప్రమాదాలు, మెదడువాపు వంటి వేరే కారణాలున్నాయి. ఫ్లూ పేరుతో ఆ కుటుంబాల నోటి కాడి కూడు తీసేయడం న్యాయం కాదు. తరిమితే వాళ్లు పందులను ఇంకో ఊరికి తోలుకుపోతారు, జబ్బు ఉంటే అదీ వాటితోనే పోతుంది.

చేయాల్సింది దగ్గరకు తీసుకుని చూడటం. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు చుట్టుపక్కల సంతల్లో నెలకోసారి కొన్ని పందుల ముక్కు నుంచి నమూనాలు తీసి భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపితే, మన ప్రాంతపు పందుల్లో ఏ ఫ్లూ తిరుగుతోందో తెలిసే మార్గం ఏర్పడుతుంది. మనుషుల నమూనాలు చూసే పుణె వైరాలజీ సంస్థ ఫలితాలతో వాటిని పోల్చినప్పుడు ఎవరు ఎవరికి అంటించారో స్పష్టంగా కనిపిస్తుంది. మనుషుల ఫ్లూ మీద నిఘా ఒక శాఖది, పశువులది మరో శాఖది కావడం వల్ల ఇలాంటి పోలిక మన దగ్గర అరుదుగా జరుగుతుంది.

దొడ్డి దగ్గర జాగ్రత్తలు ఎవరైనా పాటించగలిగినవే. ఇంట్లో జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు వారం రోజులు దొడ్డిలోకి వెళ్లకూడదు, కుడితి పని ఇంకొకరు చూడాలి. ఇంకొకరు లేని ఇంట్లో ముక్కూ నోరూ కప్పేలా మాస్కు కట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బకెట్ ముట్టుకోవాలి. పండగకు వచ్చిన పిల్లలను పంది పిల్లలతో ఆడనివ్వకపోవడం మంచిది. సంత నుంచి తెచ్చిన కొత్త పిల్లలను రెండు వారాలు విడిగా కట్టేసి ఉంచాలి. మంద దగ్గుతుంటే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, లేదా సచివాలయంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పవచ్చు. ఆ తర్వాత వారంలో ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరుకు పందుల సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే మామూలు జ్వరమని పంపేస్తారు.

చాలామంది పెంపకందారులు జబ్బు చేసిన మందను దాచిపెట్టేది ఒకే భయంతో, అధికారులు వచ్చి అన్నిటినీ చంపేస్తారని. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ తేలితే నిజంగానే చుట్టుపక్కల పందులను చంపాల్సి వస్తుంది, దానికి పరిహారం ఇచ్చే నిబంధనలున్నాయి. ఫ్లూకు అలా చంపాల్సిన అవసరమే లేదు. నీడ, శుభ్రమైన తాగునీరు, పొడిగా ఉండే గడ్డి పరుపు ఇచ్చి, ఆ రెండు వారాలు ఒక్క పిల్లను కూడా సంతకు తోలకుండా ఉంటే మంద దానంతట అదే కోలుకుంటుంది. పశువైద్య సిబ్బంది దొడ్డిలోకి అడుగుపెట్టగానే ముందు చెప్పాల్సిన మాట ఇదే.